పెరటి వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: ధనుర్మాసాంతమున పండుగకు పుట్టింటికి బయలుదేరిన గృహిణి, జట్కా యెక్కి, మూటలు లెక్కపెట్టుకొని, బండి కదలుచుండగా వెనుకకు దిరిగి భర్తకు జేసిన యుపదేశ మిది. ముఖ్యోపదేశము లన్నియు బండి కదలుచున్నప్పుడే యేల జ్ఞప్తికి వచ్చునను శంక వేఱొక శాస్త్రమునకు జెందినది.

మూలము: “ఏమండీ, సొరపాదుకు రోజూ కాసిని నీళ్ళు పొయ్యండి, మల్లెకు మాత్రం పొయ్యకండి, మేక రాకుండా తడిక వెయ్యండి.”

ప్రతిపదార్థము: ఏమండీ = ఓ నాథా (వినుచున్నారో లేదో యను సందేహము ధ్వని); సొరపాదుకు = పందిరి నెక్కిన అలాబులతకు; రోజూ = ప్రతిదినమును, ఆదివారమును గూడ; కాసిని = (వివాదగ్రస్తము, క్రింద జూడదగును); నీళ్ళు = జలములను; పొయ్యండి = పోయుడు; మల్లెకు మాత్రం = గుండుమల్లె పొదకైతే; పొయ్యకండి = చుక్కయైనను పోయకుడు; మేక = పొరుగింటి అజము; రాకుండా = ప్రవేశింపకుండునట్లు; తడిక = దొడ్డిగుమ్మమునకు గట్టు అడ్డు; వెయ్యండి = తెఱచి మఱచిపోవలదు.

తాత్పర్యము: స్పష్టము. స్పష్టమైన తాత్పర్యమునందే యనర్థములు మెండుగా బుట్టుట లోకప్రసిద్ధము గావున విశేషాంశములు వ్రాయబడుచున్నవి.

‘కాసిని’ యనుటకు మూడు మతములు గలవు. చెంబెడని కొందఱు, బిందెడని కొందఱు, పాదు నిండి పొరలి వసారా మెట్టు తడియు వఱకని, ఒక్కసారి పోసి నాలుగు దినములు నిశ్చింతగా నిద్రింపదలచిన భర్తలు. ఈ కడపటి మతము యుక్తిసహము గాదు. ఏలయన, నీరు నిలిచిన పాదులో మట్టిసందులనుండి గాలి వెడలిపోవగా, వేరునకు ఊపిరాడక కుళ్ళు పుట్టును. కుళ్ళిన వేరు నీరు త్రాగజాలదు గనుక పైని ఆకు వాడి వ్రేలును. వ్రేలిన యాకును జూచి గృహస్థుడు దాహమని భ్రమించి, జాలిపడి, మఱియొక బిందె పోయును. ఇట్లు కరుణచే జచ్చిన పాదులు అనావృష్టిచే జచ్చినవానికంటె దక్కువ గావు. కావున సిద్ధాంత మేమన, వ్రేలిని రెండు కణుపులు మట్టిలో దించి, తడి తగిలినచో నూరకుండి, తగులనిచో ప్రాతఃకాలమున, మొదట మాత్రమే, ఆకు తడియకుండ బోయవలెను. ఆకుమీద తడి రాత్రియంతయు నిలిచినచో బూజు తెగులు చేరును. మఱి ‘రోజూ’ యను పదమునకేమి గతి యందురేని, దానిని పోయుటతో గాక వ్రేలు దించుటతో నన్వయించుకొనవలెను. దూరాన్వయమే గాని, పాదు బ్రతుకును.

ఇచట “పూలు రాలినను గంగారు పడకండి” యని యధ్యాహారము చేసికొనుట పండిత సమ్మతము. సొర మొదట సన్నని పొడవు కాడలపై మగపూలనే పూయును; అవి రాలుటకే పుట్టినవి. తరువాత, అడుగున నూగుగల చిన్న పిందెతో ఆడుపూలు వచ్చును. ఈ తెల్లని పూలు సాయంసంధ్యలో విచ్చును గనుక వీనికి పురోహితులు రెక్కల పురుగులు. అవి రాని పెరటిలో గృహస్థుడే మగపువ్వు గోసి, రేకులు దీసి, ఆడుపువ్వు నడుమ దాకించుట కలదు. తీగ తల త్రుంచినచో ప్రక్కకొమ్మలు సాగి, వానిపై ఆడుపూలు మెండుగా నిలుచును. గొబ్బెమ్మలకై గుమ్మడిపూలు గోయు బాలికలును ఈ భేద మెఱిగి, పిందె లేని పూలనే కోసి కొన్ని విడిచినచో, పూజయు పులుసును రెండును దక్కును.

‘మల్లెకు మాత్రం పొయ్యకండి’ యనుచోట నొక పాఠాంతరము గలదు. గోడ యవతలనుండి విన్న పొరుగామె ‘క’ కారము లేని పాఠమును బ్రచారము చేసినది. అది అపపాఠము. మైలవరము వంటి మల్లెకు బేరుపొందిన చోట్ల రైతు లెవ్వరును దాని నంగీకరింపరు. శీతకాలమున నీరు మానిపి, ఆకు రాల్చి, పిమ్మట నేలకు రమారమి 45 సెంటీమీటర్ల యెత్తున కొమ్మలు కత్తిరించి, పశువుల యెరువు వేసి నీరు విడిచినచో, క్రొత్త చిగురు వెంట మొగ్గ కట్టి, వేసవికి పొద విరియబూయును. మల్లె పూచునది క్రొత్త కొమ్మలకే గాని పాత కొమ్మలకు గాదు. పుష్యమాసమున దయదలచి నీరు పోసినవానికి దట్టమైన పచ్చని పొద మిగులును. చైత్రమున భార్య జడ చూచినప్పుడు ఆ ‘క’ కారము విలువ తెలియును.

ఇక మేక. ఇచట గంభీరమైన పూర్వపక్ష మొకటి బయలుదేఱును. మల్లెతోటలవా రాకు రాల్చుటకు గొఱ్ఱెలను దోలి మేపుట కలదు. గొఱ్ఱె చేయుపని మేకయు జేయగలదు గనుక, అట్టి యుపకారిని తడికతో నడ్డగించుట యజ్ఞానము గాదా యని భర్త పక్షము. ఈ వాదము తడిక కట్టు శ్రమనుండి పుట్టినదే గాని సస్యశాస్త్రమునుండి కాదు. గొఱ్ఱెను తోలువాడు దాని వెంట నుండును. పొరుగింటి మేక యొంటరిగా, నధికారముతో వచ్చును. అది మల్లెను ముట్టుటకు ముందు పందిరి గుంజకు ముంగాళ్ళు మోపి, సొర లేత చిగుళ్ళను, దారిలో కనకాంబరమును, తోటకూర మడిని ముగించి, అటుపిమ్మట ఆకలి మిగిలినచో మల్లె సంగతి విచారించును. కావున గృహిణి వాక్యమే ప్రమాణము.

‘తడిక’ యనగా దేనితో నల్లినదో మూలమున లేదు. పచ్చి కొబ్బరిమట్టలతో నని యొకరు వ్యాఖ్యానించి, యట్లే కట్టియు జూపిరి. మేక ముందుగా తడికనే తినివేసినది. కావున రేగుకంప యను నర్థమే గ్రాహ్యము.