ఐదొందల మెకానిక్కు

కారుకి సీటు కవర్లు వేయించడం, ముందు దిష్టి నిమ్మకాయ కట్టడం, వెనకద్దం మీద పిల్లల పేర్లు రాయించడం పాతకాలపు ముచ్చట్లు. ఇప్పటి ముచ్చట స్టీరింగ్ కింద దాక్కుని నీలంగా మినుకు మినుకుమంటోంది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. పేరు ఓబీడీ డాంగిల్. ఆన్‌లైన్‌లో ఐదారొందలకు ఇంటికొస్తుంది. దాన్ని సాకెట్లో గుచ్చి, ఫోన్లో బ్లూటూత్ కలిపి, పాస్‌వర్డ్ అడిగితే 1234 అని కొట్టగానే మనిషి మెకానిక్కుగా మరో జన్మ ఎత్తుతాడు. గుచ్చడానికి అర నిమిషం పడుతుంది. గుచ్చిన సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఒక పెళ్ళి భోజనాల బంతి చాలదు.

"ఏంటి బావా, నీ బండికి ఇంకా పెట్టలేదా? ఇది ఉంటే షెడ్డువాడు మనల్ని ఒక్క రూపాయి మోసం చెయ్యలేడు!"

ఈ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఆ సాకెట్ పుట్టింది బావగారి కోసం కాదు, గాలి కోసం. పొగమంచులా కమ్ముకునే కాలుష్యంతో విసిగిపోయిన కాలిఫోర్నియా, ఇంజన్ పొగ హద్దు మీరితే కారే తన తప్పు తాను ఒప్పుకోవాలని పట్టుబట్టింది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ పదహారు పిన్నుల ఒకే రకం సాకెట్ తప్పనిసరి అయింది. మన దేశంలో కార్లకు ఆ ఏర్పాటు తొలి దశ 2010 ఏప్రిల్లో, రెండో దశ 2013 ఏప్రిల్లో వచ్చాయి. అంటే ఆ తప్పు ఒప్పుకోవడానికి వెలిగే చెక్ ఇంజన్ లైటు మొదటి పని, మీ బండి పదిమంది పీల్చే గాలిని పాడుచేస్తోందని చెప్పడం. ఇంత ఏర్పాటూ ఉండి, పెట్రోలు బంకు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యానువాడు సైలెన్సర్లో గొట్టం పెడతాడు తప్ప ఆ సాకెట్ వైపు కన్నెత్తి కూడా చూడడు. సర్కారు వదిలేసిన సాకెట్‌ని బావగారు దత్తత తీసుకున్నారు.

దత్తత తీసుకున్నది అసలు వస్తువా అంటే, అదీ కాదు. ఈ డాంగిళ్ళ గుండెకాయ ఈఎల్‌ఎం327 అనే చిప్పు. కెనడాలోని ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. మొదటి వెర్షన్‌కి కాపీ కొట్టకుండా తాళం వెయ్యకపోవడంతో ఊరూరా నకళ్ళు పుట్టాయి. ఆ కంపెనీ 1.4 తర్వాత నేరుగా 2.0కి వెళ్ళింది. 1.5 అనేది ఎన్నడూ విడుదల చెయ్యలేదు. బజారులో మాత్రం "ఒరిజినల్ 1.5" అని డబ్బా మీద అచ్చేసుకుని కొల్లలుగా దొరుకుతుంది. అసలు కంపెనీ 2022లో తలుపులు మూసేసింది, నకళ్ళు దివ్యంగా వర్ధిల్లుతున్నాయి. అసలుదైనా నకిలీదైనా ఆ చిప్పు చేసేది దుబాసీ పని. కారు కంప్యూటర్ చెప్పింది ఫోన్‌కి అప్పజెబుతుంది. దానికి ఇంజన్ సంగతి ఏమీ తెలియదు. ఆ విషయంలో కొన్నవాడికీ దానికీ చక్కగా కుదిరింది.

ఇక వైభవమంతా లోపాలకు కారు కంప్యూటర్ పెట్టే కోడ్లది. P0420 అని తెరమీద పడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం హద్దు కన్నా తగ్గినట్టు కంప్యూటర్‌కి అనిపించిందని దాని అర్థం. బావగారు ఫోన్లో వెతికి కన్వర్టర్ మార్చాలని తీర్పు ఇచ్చేస్తారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి గనుక ధర వినగానే అక్కయ్యగారికి కళ్ళు తిరుగుతాయి. సైలెన్సర్ గొట్టానికి చిల్లుపడి గాలి లీకైనా ఆ కోడే వస్తుంది. ప్లగ్గు సరిగ్గా మండకపోయినా, ఇంజన్ ఆయిలు తాగుతున్నా, ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైనా అదే కోడు రావచ్చు. P0171 వస్తే ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం. చిట్లిన రబ్బరు గొట్టం నుంచి నీరసించిన పెట్రోలు పంపు దాకా ఏదైనా కారణం కావచ్చు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, కోడు పడిన మరునిమిషంలో మనవాళ్ళు సెన్సర్ ఆర్డర్ పెట్టేస్తారు. విజయవాడ ఆటోనగర్లో చేతులకు గ్రీజు అంటిన మేస్త్రి అదే కోడు చూసి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా గొట్టాల దగ్గర చెవి పెట్టి వింటాడు. ఆ చెవి యాప్ స్టోర్లో దొరకదు.

మార్చిన సెన్సర్‌తో లైటు ఆరకపోతే? ఉంది కదా, యాప్‌లో కోడ్లు తుడిచే క్లియర్ బటన్!

ఈ బటన్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన డాంగిల్ వీరుల శౌర్యమంతా దీని మీదే ఆధారపడి ఉంది. క్లియర్ నొక్కగానే పసుపు లైటు ఆరిపోతుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు. నొక్కినవాడు షెడ్డుకి వెళ్ళకుండా కొన్ని వేలు మిగిల్చానని రాత్రికి ఫ్యామిలీ గ్రూపులో ప్రకటిస్తాడు. ఆ నొక్కుడుతో పోయింది లోపం కాదు, సాక్ష్యం. లోపం పుట్టిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత వేడెక్కింది, ఎంత బరువు లాగుతోంది అన్న లెక్కలను కంప్యూటర్ ఒక చిత్రంలా దాచిపెడుతుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మంచి మెకానిక్‌కి అంతకన్నా విలువైన ఆధారం దొరకదు. బావగారు దాన్ని శుభ్రంగా తుడిచేసి, వారం తర్వాత లైటు మళ్ళీ వెలిగాక షెడ్డుకి వెళ్ళి, "ఎప్పుడు వచ్చిందో, ఎందుకొచ్చిందో నువ్వే చెప్పాలి భాయ్" అంటారు.

ఇంతకీ ఆ బటన్ అవసరమే లేదు. లోపం నిజంగా పోతే, వరసగా మూడు సార్లు బండి సరిగ్గా నడిచాక లైటును కంప్యూటరే ఆర్పేస్తుంది. ఆ మూడు ప్రయాణాల ఓపిక లేకే ఈ తుడిచివేతంతా.

అమెరికా ప్రభుత్వాలకు ఈ తెలివితేటలు ఎప్పుడో తెలుసు. చదువుకోవడానికి వెళ్ళి పాత కరోలా కొనుక్కున్న మన కుర్రాళ్ళు కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌కి వెళ్ళే దారిలో క్లియర్ నొక్కి చూస్తుంటారు. కంప్యూటర్ తన పరీక్షలు ఇంకా పూర్తి చెయ్యలేదని, అంటే ఎవరో ఇప్పుడే తుడిచారని, అక్కడి మిషన్ ఇట్టే పట్టేసి వెనక్కి పంపిస్తుంది. 2010 నుంచి వచ్చిన కార్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటుంటుంది. దాన్ని ఏ స్కానరూ చెరపలేదు, లోపం పోయిందని కారుకే నమ్మకం కలిగితే తప్ప పోదు. 2019 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో దాన్నీ చూస్తున్నారు. అలా అడ్డుకునేవాడు మన దగ్గర లేడు గనుక ఇక్కడ క్లియర్ కొట్టినవాడే మొనగాడు.

లైటు వెలగని రోజుల్లో డాంగిల్‌కి పనేమిటి? గడియారాల ప్రదర్శన. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కదలకుండా నిలబడ్డ బండిలో ఫోన్ తెర మీద ఆరు డయళ్ళు తిరుగుతుంటాయి. మైలేజీ కూడా రెండు దశాంశ స్థానాలతో చూపిస్తుంది. లోపలికెళ్ళే గాలిని కొలిచి, ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి చొప్పున లెక్కగట్టి చెప్పే అంకె అది. డీజిల్ బండి అవసరాన్ని మించి గాలి పీలుస్తుంది, కాబట్టి ఆ లెక్క దానికి పనికిరాదు. అయినా డీజిల్ బండివాళ్ళే దాన్ని ఎక్కువ నమ్ముతారు. అదే బీఎస్6 డీజిల్ బండిలో మసి ఫిల్టర్ మూసుకుపోతే చాలా చౌక డాంగిళ్ళు దాన్ని చూపించనూ లేవు, మసిని కాల్చనూ లేవు. క్లియర్ కొట్టినంత మాత్రాన మసి పోదు.

వీటికి ఒక తమ్ముడు కూడా ఉన్నాడు, పెట్రోలు ఆదా చేస్తాడట. అదే సాకెట్లో గుచ్చి కొన్ని వందల కిలోమీటర్లు నడిపితే మీ డ్రైవింగ్ నేర్చుకుని ఇంజన్‌ని సర్దుతుందని ప్రకటన. అలాంటిదొకటి విప్పి చూసిన ఇంజనీర్లకు లోపల కనిపించింది దీపాలు మినుకుమనిపించే చిన్న చిప్పు మాత్రమే. కారు కంప్యూటర్‌తో మాట్లాడే భాగమే అందులో లేదు.

డాంగిల్ గుచ్చి బయటివాళ్ళకు మనం తెరిచిపెట్టే తలుపు సంగతీ చెప్పాలి. ఆ సాకెట్‌కి బండి ఆపేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. వైఫై రకం చౌక డాంగిళ్ళు చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇన్సూరెన్సు కోసం సాకెట్లో పెట్టిన ఒక డాంగిల్‌కి ఎస్సెమ్మెస్ పంపి కార్వెట్ కారు బ్రేకుల్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. అది వేరే రకం పరికరమే గానీ, గుచ్చిన చోటు ఇదే. ఇంటికి మూడు తాళాలు వేసే మనిషి కారుకి మాత్రం 1234 చాలనుకుంటాడు.

ఇప్పటికే కొనేసినవాళ్ళు పారెయ్యనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ కారు చూడబోయేటప్పుడు జేబులో వేసుకెళ్ళండి. "కోడ్లు తుడిచాక నడిచిన దూరం" అని యాప్‌లో ఒక అంకె ఉంటుంది, చాలా బండ్లు దాన్ని చెబుతాయి. అమ్మేవాడు "చెక్ ఇంజన్ లైటు ఎప్పుడూ వెలగలేదు సార్" అంటుండగా అక్కడ పన్నెండు కిలోమీటర్లు కనిపిస్తే అడ్వాన్స్ ఇవ్వకండి. మీ సొంత బండిలో కోడు వస్తే ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ఫోటో తీసి మీ మేస్త్రికి పంపండి. పనయ్యాక డాంగిల్ పీకి డ్రాయర్లో పెట్టండి. క్లియర్ మాత్రం నొక్కకండి బావా.