పాదు మాడ్చే మంచుకు ఒక లేఖ

అరకు లోయలో పడే మంచుకు,

పొగమంచుతో నాకు పేచీ లేదు. కొండల నడుమ తెల్లవార్లూ కమ్ముకుని పొద్దెక్కాక విడిపోయే ఆ పొగ మొక్కను చంపదు. పైగా నేల వేడిని కొంత పట్టి ఉంచుతుంది. నా తగాదా పుష్యమాసంలో మబ్బూ గాలీ లేని రాత్రి దిగి, గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పేరుకునే నీతోనే.

సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగిలో నువ్వు పడ్డావంటే పేపర్లో ఫొటో వస్తుంది. సున్నా డిగ్రీలట అని విశాఖ నుంచి కార్లు బయల్దేరతాయి. అదే ఉదయం ఇక్కడ ఒక ఇల్లాలు పెరట్లోకి వెళ్లి చిక్కుడుపాదు చూసుకుంటుంది. ఆకులు ముందు ఉడికించినట్టు ముదురు రంగులో కనిపిస్తాయి. ఎండ తగిలాక వేలాడిపోతాయి, మధ్యాహ్నానికి నల్లబడతాయి. పూత ముట్టుకుంటే రాలుతుంది. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చీలిపోయాక ఎంత నీరు పోసినా లాభం లేదు. ఇంకా ఎన్నో వారాలు కూర పెట్టాల్సిన పాదు అది. ఇక ఆ కూర సంతలో డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఈ నష్టాన్ని పంట నష్టమని రాసుకునేవాళ్లు లేరు. నీమీద నాకింత కోపం అందుకే.

నీ దారి మాకు తెలుసు. పగలు తాగిన వేడిని నేల రాత్రంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి గాలికొండ, సుంకరిమెట్ట వాలుల మీంచి జారి లోయ అడుగున చేరుతుంది. గెడ్డ పక్కన మడి ముందుగా మాడేదీ, అదే ఊళ్లో మెట్టమీది పెరడు బతికేదీ ఇందువల్లనే.

మేమూ చేతులు ముడుచుకుని కూర్చోం. చోడి కోతలయ్యాక పెరటికి పెంట తోలి, నీకు జడవని ముల్లంగి, క్యాబేజీ, వెల్లుల్లి పల్లపు మడుల్లో వేస్తాం. టమాటా, మిరప, వంగ నారు మట్టిగోడకు పడమటి వైపు, సాయంత్రపు ఎండ తగిలేచోట పెడతాం. మధ్యాహ్నమే మడి తడుపుతాం. తడినేల వేడిని ఎక్కువ పట్టి రాత్రి మెల్లగా వదులుతుంది. నారు మీద కర్రలు పాతి వరిగడ్డి, అడ్డాకులు కప్పి, తెల్లారాక తీసేస్తాం. పసుపు, అల్లం దుంపల మీద ఎండుటాకులు మందంగా పరవడం మంచిదే. కానీ లేత టమాటా చుట్టూ అలా పరిస్తే నేలలోని వేడి పైకి రాదు, మొక్క తల ఇంకా తొందరగా మాడుతుంది. తోటపనిలో ఆరితేరినవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. మాడిన ఆకులను వెంటనే కోయకూడదు. మర్నాటి రాత్రికి కింది చిగుళ్లకు అవే కప్పు. విత్తనానికి ఉంచిన చిక్కుడుకాయలూ మొక్కజొన్న కంకులూ పొయ్యి మీది దూలానికి వేలాడుతుంటాయి. అక్కడ మాత్రం నీ ఆటలు సాగవు.

అయితే నారు కప్పాలంటే నువ్వొచ్చే రాత్రి ఏదో తెలియాలి. కూలికి పోయే మనిషికి రోజూ కప్పి రోజూ తీయడం కుదరదు. నువ్వు పడి వెళ్లిపోయాక ఎన్ని డిగ్రీలో చెప్పడానికి అందరూ ఉన్నారు.

వాతావరణ శాఖవారికీ, పాడేరు ఐటీడీఏవారికీ ఈ లేఖ ద్వారానే నా విన్నపం. రాత్రికి మంచు పడేలా ఉందని తేలిన రోజున ఆ మాట మధ్యాహ్నం 2 గంటల్లోపు తెలుగులో, కువిలో, ఆదివాసీ ఒడియాలో ఊరూరికీ చేర్చండి. పొద్దుగుంకేలోపు మడి తడిపి నారు కప్పుకోవడానికి మా ఆడవాళ్లకు ఆ మూడు గంటలు చాలు.