ఇంఫాల్ దక్కి ఉంటే

1997 జనవరి 23, నేతాజీ శతజయంతి. విశాఖపట్నంలో మా పేట గ్రంథాలయంలో సభ పెట్టారు. హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి ప్రధాన వక్తగా నన్ను పిలిచారు. ఆ సాయంత్రం నేనన్న ఒక మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

"1944లో ఇంఫాల్ మనకి దక్కి ఉంటే..." అని ఎత్తుకున్నాను. ఆజాద్ హింద్ ఫౌజ్ అస్సాం దాటి బెంగాల్లో దిగేది. కరువుకి మాడిన జనం ఎదురొచ్చి హారతులు పట్టేవారు. తెల్లవాళ్ళ కొలువులో ఉన్న మన సిపాయిలు తుపాకులు వెనక్కి తిప్పేవారు. మూడేళ్ళ ముందే స్వరాజ్యం వచ్చేది, దేశం రెండు ముక్కలయ్యేది కాదు. క్లాసులో పిల్లలకి కూడా ఏళ్ళ తరబడి ఇదే చెప్పాను. మరి ఫౌజ్‌తో కలిసి వచ్చిన జపాను వాళ్ళ సంగతేమిటని ఎవరైనా అడిగితే, వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోయేవారని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి.

సభ ముగుస్తుండగా వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన లేచారు. కంచరపాలెం బర్మా క్యాంపు మనిషి. రంగంలో, అంటే బర్మాలోని రంగూన్లో, పుట్టి పెరిగి, నే విన్ సైన్యం రాజ్యమేలాక అక్కడ బతుకుతెరువు పోయి, ఓడెక్కి వచ్చేసినవాళ్ళలో ఒకరు.

"మేస్టారూ, జపానోడు మా రంగంలో మూడేళ్ళున్నాడు బాబూ. ఆడూ సొతంత్రం ఇచ్చినాననే అన్నాడు. మా అన్నని రైలు లైను పనికి అట్టుకుపోనాడు. మరింక రానేదు."

ఏ రైలు లైను అని నేను అడగలేదు. అన్న పేరేమిటని అడగలేదు. "తాతగారూ, ఇదంతా ఇంగ్లీషువాళ్ళు పుట్టించిన ప్రచారం. అప్పటికి మీరు చిన్నపిల్లలు, పొరబడి ఉంటారు" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కండువా సర్దుకుని కూర్చున్నారు. మళ్ళీ నోరు విప్పలేదు.

ఇంగ్లీషువాళ్ళ మీద నా కోపం ఉత్తది కాదు. 1943లో బెంగాల్లో సుమారు 30 లక్షల మంది తిండి లేక, రోగాలొచ్చి చచ్చిపోయారు. అలాంటి రాజ్యాన్ని కూల్చడానికి ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకోవాలన్న నేతాజీ తహతహ నాకు ఇప్పటికీ అర్థమవుతుంది. ఇంఫాల్ కొండల్లో ఆకలితో, మలేరియాతో రాలిపోయిన ఆ సిపాయిల త్యాగాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. నేను చేసిన తప్పు వేరు. "దక్కి ఉంటే" తర్వాత ఏం జరిగేదో ఎవరూ చూడలేదు కదా, నాకు నచ్చింది చెప్పుకోవచ్చు అనుకున్నాను. పక్క దేశంలో అది జరిగే పోయింది. చూసినాయన నా ఎదురుగానే నిలబడ్డారు.

సయాం–బర్మా రైలుమార్గం గురించి తర్వాత చదివాను. పొడవు 415 కిలోమీటర్లు. 1943 ఆగస్టు 1న జపాను బర్మాకి స్వాతంత్ర్యం ప్రకటించి బా మాని ప్రధానిగా కూర్చోబెట్టింది. సరిగ్గా ఆ వానాకాలమే బర్మా వాళ్ళనీ, మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీలనీ తోలుకుపోయి ఆ లైను వేయిస్తోంది. అక్టోబరుకి పట్టాలు కలిశాయి. ఆసియా కూలీల్లో సుమారు 90,000 మంది పోయారని అంచనా. యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా చనిపోయారు. వాళ్ళకి కాంచనబురిలో, తన్‌బ్యుజయత్‌లో పేర్లు చెక్కిన సమాధులున్నాయి. కూలీల్లో చాలామందికి గుర్తుగా ఒక రాయి కూడా లేదు. జపాను వాళ్ళ దగ్గరే యుద్ధవిద్య నేర్చి, వాళ్ళతో కలిసి దేశంలోకి వచ్చిన బర్మా నాయకుడు ఆంగ్ సాన్ 1945 మార్చి 27న వాళ్ళ మీదికే తుపాకి తిప్పాడు. ఆయన్ని కూడా ఇంగ్లీషువాళ్ళ ప్రచారం నమ్మాడని అనగలనా?

2001లో విశాఖ నుంచి ఓడలో అండమాన్ వెళ్ళాను. నేతాజీ జెండా ఎగరేసిన చోటు కళ్ళారా చూడాలని నా కోరిక. 1943 డిసెంబరు 30న ఎగరేశారు. అప్పటికి దివాన్ సింగ్ అదే ఊళ్ళో సెల్యులర్ జైల్లో ఉన్నారు. డాక్టరు, పంజాబీ కవి, అక్కడి ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు. గూఢచారి అన్న అనుమానంతో జపాను వాళ్ళు పెట్టిన చిత్రహింసలకి 1944 జనవరి 14న ప్రాణం విడిచారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది మనవాళ్ళని కాల్చి చంపారు. జెండా ఎగిరి నెల రోజులు. అక్కడున్న వాళ్ళ స్మారకం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఆ దీవుల పెత్తనాన్ని నేతాజీ ప్రభుత్వానికి పేరుకే ఇచ్చి, పగ్గాలు తన నౌకాదళం చేతిలోనే ఉంచుకున్న జపాను, కలకత్తా రేవుని మన చేతిలో పెట్టి వెళ్ళిపోయేదా?

తెలియక చేశానని తప్పించుకోలేను. 1942 మేలో నేతాజీ బెర్లిన్‌లో హిట్లర్ని కలిసినా, భారత స్వాతంత్ర్యానికి మద్దతుగా ప్రకటన రాబట్టలేకపోయారని నాకు ముందే తెలుసు. ఉపన్యాసంలో దాటేసేవాణ్ణి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మా విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయని, ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పారిపోయిందని మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అదీ దాటేసేవాణ్ణి.

అండమాన్ నుంచి వచ్చిన వారంలోనే బర్మా క్యాంపుకి వెళ్ళాను. పెద్దాయన పోయి రెండేళ్ళయిందన్నారు. ఆయన కొడుకు కుర్చీ వేశాడు. మీ పెదనాన్నగారి పేరేమిటి బాబూ అని అడిగాను.

"తెలవదండి. నాన ఇంట్లో ఆ మాటే ఎత్తీవోడు కాదు. ఒక్కపాలి ఏదో మీటింగులో సెప్పినాడంట."

ఆ మీటింగులో మాట్లాడింది నేనేనని, ఏమన్నానో, మొత్తం చెప్పాను. అతను కాసేపు నా మొహంలోకి చూసి, లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు.