తాతల నెయ్యి, మనవళ్ల సుంకం

2023 సెప్టెంబర్ 13న స్ట్రాస్‌బర్గ్‌లో, యూరోపియన్ పార్లమెంటు నిండు సభలో, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ గారు ఒక ఘోరాన్ని బయటపెట్టారు. ప్రపంచ మార్కెట్లను చైనా ఎలక్ట్రిక్ కార్లు ముంచెత్తుతున్నాయట. పైగా అవి చవకట. చైనా సర్కారు డబ్బు గుమ్మరించి ఆ ధరల్ని కావాలనే కింద పెట్టిందట. ధరలు మండిపోతున్నాయని గుండెలు బాదుకునే నాయకుల్ని మనం చాలామందిని చూశాం. తగ్గిపోతున్నాయని బాదుకునే వాళ్లను చూడాలంటే మాత్రం యూరప్ దాకా వెళ్లాలి. భూమి కాగిపోతోంది, పెట్రోలూ డీజిలూ మానండి, ఎలక్ట్రిక్ కారు కొనండి అని ఏళ్ల తరబడి జనానికి చెప్పిందీ ఆ పెద్దలే. తీరా జనం కొనగలిగిన ధరలో కారు ఓడ దిగేసరికి, ఇంత చవకా, ఇందులో ఏదో మోసం ఉంది అన్నదీ వాళ్లే.

చిత్రమేమిటంటే, మోసపోయామని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇలాంటి దర్యాప్తులు మామూలుగా నష్టపోయిన పరిశ్రమ అర్జీ పెట్టుకుంటే మొదలవుతాయి. ఇక్కడ కమిషన్ తనంతట తానే పూనుకుంది. ఏడాదికి పైగా కాగితాలు తిరగేసి, 2024 అక్టోబర్ చివర్లో ఐదేళ్లకు సుంకాలు ఖాయం చేసింది. మామూలు 10 శాతం ఎలాగూ ఉంది. దాని మీద చైనా కంపెనీల్లో బీవైడీకి 17, జీలీకి 18.8, ఎస్‌ఏఐసీకి 35.3. షాంఘైలో తయారయ్యే టెస్లాకి 7.8. అడిగిన కాగితాలన్నీ బుద్ధిగా ఇచ్చిన మిగతా కంపెనీలకు 20.7. అన్యాయాన్ని దశాంశాలతో సహా తూచిన ఆ గుమాస్తాల ఓపికకు దండం పెట్టాల్సిందే.

ఖాయం చేసే ముందు అక్టోబర్ 4న ఓటింగ్ పెట్టారు. 27 దేశాల్లో 10 అవునన్నాయి, 5 కాదన్నాయి, 12 గోడ మీద కూర్చున్నాయి. కాదన్న వాళ్లలో పెద్ద దేశం ఏదో తెలుసా? జర్మనీ. ఎవరి కార్లను కాపాడటానికి ఈ హడావుడంతా చేశారో ఆ జర్మనీయే! అక్కడి కార్ల కంపెనీల పెద్దలు మొదట్నుంచీ వద్దు మొర్రో అంటూనే ఉన్నారు. వినకపోయేసరికి బీఎండబ్ల్యూ యూరోపియన్ కోర్టుకెక్కింది. బీవైడీ, జీలీ, ఎస్‌ఏఐసీలూ ఎక్కాయి. దోచుకుంటున్నారని పేరుపడ్డవాళ్లు, దోపిడీకి గురయ్యారని పేరుపడ్డవాళ్లు, అందరూ కలిసి కాపలాదారు మీద దావా వేశారన్నమాట.

బీఎండబ్ల్యూ కడుపుమంట ఎందుకో తెలియాలంటే యూరప్ కార్ల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వాలి. మినీ అంటే లండన్ వీధుల ముద్దుబిడ్డ కదా, ఎలక్ట్రిక్ మినీ తయారయ్యేది చైనాలోని జాంగ్‌జియాగాంగ్‌లో. గ్రేట్ వాల్ అనే చైనా కంపెనీతో బీఎండబ్ల్యూ పొత్తు పెట్టుకుని కట్టిన ఫ్యాక్టరీలో. కాబట్టి చైనా దండయాత్ర నుంచి బీఎండబ్ల్యూని రక్షించడానికి వేసిన సుంకం 20.7 శాతం చొప్పున బీఎండబ్ల్యూయే కట్టాలి. స్పెయిన్ పౌరుషమంతా ఒలకబోసే కుప్రా తవస్కాన్ పుట్టింది అన్‌హుయ్ రాష్ట్రంలో. రెనో వారి చవక ఎలక్ట్రిక్ కారు డాచియా స్ప్రింగ్ వచ్చింది హుబెయ్ నుంచి. స్మార్ట్ కారులో మెర్సిడెస్‌ది సగం, జీలీది సగం. స్వీడన్ వారి వోల్వో 2010 నుంచీ జీలీ సొత్తు. ఎంజీ అనగానే ఇంగ్లండ్ గుర్తొస్తే అది ఇంగ్లండ్ గొప్ప, ఎంజీ ఎస్‌ఏఐసీది. లోటస్‌లో పెద్ద వాటా జీలీది. మెర్సిడెస్‌లోనే ఐదో వంతుకు దగ్గర్లో వాటా ఇద్దరు చైనా మదుపరుల చేతిలో ఉంది. ఒకరు ప్రభుత్వ కంపెనీ బీఏఐసీ, రెండోవారు జీలీ యజమాని లీ షుఫు. ఇక చైనా సరుకు బహిష్కరించాలని ఏ యూరోపియన్ దేశభక్తుడైనా నిర్ణయించుకుంటే, ఆ ఊరేగింపుకి నడిచే వెళ్లాలి.

అయినా సరే, మా కార్ల వెనక చరిత్ర ఉంది అంటారు. నిజమే, ఉంది. 1886లో కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజున చైనాలో చక్రవర్తి పల్లకీలో తిరుగుతున్నాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెతను స్టుట్‌గార్ట్‌కి ఎవరు చేరవేశారో గానీ, అక్కడ దాన్నొక వ్యాపార ప్రణాళికగా అమలు చేశారు. 2005లో ల్యాండ్‌విండ్ అనే చైనా బండి యూరప్‌కొస్తే, జర్మన్ మోటారు క్లబ్బు ఏడీఏసీ దాన్ని గోడకు గుద్దించి చూసింది. బండి అప్పడంలా అయింది. ఆ వీడియో చూసి ఖండమంతా పదేళ్లపాటు నవ్వుకుంది. ఆ నవ్వులో పడి, తర్వాత ఆ దేశం ఏం నేర్చుకుంటోందో చూడటం మరిచిపోయారు. 2022 నాటికి బీవైడీ అట్టో 3, ఎంజీ 4 అదే తరహా గోడలకు గుద్దుకుని ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఈ నవ్వు జబ్బు అమెరికాలోనూ ఉండేదిలెండి. 2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ పేరెత్తగానే ఎలాన్ మస్క్ నవ్వు ఆపుకోలేకపోయాడు. వాళ్ల కారు ఎప్పుడైనా చూశారా అని ఎదురడిగాడు. 2025 మొత్తం మీద చూసుకుంటే బ్యాటరీ కార్ల అమ్మకాల్లో బీవైడీ టెస్లాని దాటేసింది. ఆ కారు ఇప్పుడు చూస్తూనే ఉండుంటాడు, ముందు వెళ్తోంది కనక.

జర్మన్లకు ఇంజిన్ వచ్చు గానీ సాఫ్ట్‌వేర్ రాదని కొందరు ఆడిపోసుకుంటారు. ఇది పచ్చి అబద్ధం. 2015లో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టిన ఫోక్స్‌వాగన్ డీజిల్ ప్రోగ్రామును మించిన తెలివైన సాఫ్ట్‌వేర్ కార్ల చరిత్రలోనే లేదు. తాను రోడ్డు మీదున్నానా, పరీక్ష బల్ల మీదున్నానా అన్నది కారే కనిపెట్టేది. బల్ల మీద ఋషిలా పొగ మానేసేది, రోడ్డెక్కగానే విషం కక్కేది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల బండ్లలో ఈ మేధస్సు పనిచేసింది. అది పట్టుబడ్డాక, నిజాయితీగా నడిచే సాఫ్ట్‌వేర్ రాయమంటేనే చెయ్యి వణికింది. 2020లో ఎంతో ఆర్భాటంగా తెచ్చిన ఐడీ.3 కారును, కొన్ని సదుపాయాలు తర్వాత పంపిస్తామని చెప్పి తొలి కొనుగోలుదార్లకు అప్పగించారు. సాఫ్ట్‌వేర్ సిద్ధం కాక ఎలక్ట్రిక్ పోర్షే మకాన్ కూడా వాయిదాల మీద వాయిదాలు పడి 2024లో బయటపడింది. మన జేబుల్లో రెడ్‌మీ ఫోన్లు పెట్టిన షావోమి, కారు చేస్తానని 2021లో ప్రకటించి 2024 మార్చికల్లా అమ్మకానికి పెట్టింది. చూడ్డానికి అచ్చం పోర్షే టైకాన్‌కి తమ్ముడిలా ఉందని అందరూ అన్నారు. ధర మాత్రం తమ్ముడిది కాదు, మనవడిది. చైనాలో పోర్షే అమ్మకాలు 2021లో 95 వేలు దాటి ఉండేవి, 2024 వచ్చేసరికి 57 వేల లోపుకి పడ్డాయి.

ఇదిగో, ఆ మధ్యకాలంలో యూరప్ కార్ల పరిశోధన ఏ దిశలో సాగిందో చెప్పాలి. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వెచ్చబెట్టడానికి నెలవారీ చందా పెట్టింది. సీటు కింద హీటరుంది, తీగలున్నాయి, మీరు వాటికి డబ్బు కట్టారు, కారు మీ ఇంటి ముందుంది. కానీ వేడి కావాలంటే నెలనెలా కట్టాలి. అదే ఏడాది చైనాలో లీ ఆటో తన పెద్ద కారులో ఏకంగా చిన్న ఫ్రిజ్జే పెట్టి ఇచ్చింది. జనం తిట్ల వేడికి మరుసటి ఏడాది బీఎండబ్ల్యూ ఆ చందా ఎత్తేసింది. తిట్లు మాత్రం ఉచితంగానే అందాయి.

సరే, అసలు నేరారోపణకు వద్దాం. సబ్సిడీ. చైనా ఇచ్చిందా? దోసిళ్లతో కాదు, గంపలతో ఇచ్చింది. కారు కొన్నవాడికి దశాబ్దానికి పైగా ఇచ్చింది, కట్టినవాడికి చౌక అప్పులిచ్చింది, పన్ను మాఫీలిచ్చింది. పుట్టగొడుగుల్లా కంపెనీలు పుట్టి, డబ్ల్యూఎం మోటార్, హైఫై లాంటివి కుప్పకూలాయి. అమ్మకాల అంకె పెంచుకోవడానికి కొత్త కారునే పాతదిగా చూపించే విద్య కూడా అక్కడ కనిపెట్టారు. ధరల కొట్లాట ఎంత ముదిరిందంటే, 2025లో బీజింగ్ సర్కారే కంపెనీల్ని పిలిచి ఇక చాలించండర్రా అనాల్సి వచ్చింది. వాళ్లు పత్తిత్తులని ఎవరూ అనడం లేదు.

మరి యూరప్ సర్కార్లు చేతులు ముడుచుకు కూర్చున్నాయా? 2009లో జర్మనీ పాత కారు తుక్కు చేసి కొత్తది కొంటే 2,500 యూరోలు ఇచ్చింది. మొత్తం 500 కోట్ల యూరోలు. డీజిలు మీద పెట్రోలు కంటే తక్కువ పన్ను వేసి దశాబ్దాల పాటు డీజిలు కార్లను పెంచి పోషించారు. బ్యాటరీల్లో చైనాకు జవాబు మేమే అంటూ స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ లేస్తే, జర్మన్ ప్రభుత్వ బ్యాంకు 60 కోట్ల యూరోలు అప్పిచ్చింది. 2025 మార్చిలో ఆ జవాబు దివాలా తీసింది. జర్మనీలో తయారైన బ్యాటరీ కావాలనుకునేవాళ్లు ఆందోళన పడక్కర్లేదు, తురింగియాలో ఆర్న్‌స్టాట్ దగ్గర పెద్ద ఫ్యాక్టరీ నడుస్తోంది. చైనా కంపెనీ సీఏటీఎల్‌ది. తేడా సబ్సిడీ ఇవ్వడంలో లేదు. చైనా తన డబ్బును రేపటి కారు మీద పెట్టింది, యూరప్ తన డబ్బులో చాలా భాగం నిన్నటి కారు మీద పెట్టింది. తాను తెలివితక్కువ పందెం కాసి ఓడాక, గెలిచినవాడు పందెం కాశాడని కేసు పెట్టడం కొత్త పద్ధతి.

సాంకేతికత కొట్టేశారు అన్న మాటా వినిపిస్తూ ఉంటుంది. కొట్టేయడానికి దొంగతనంగా రావాలి కదా. 1984లో ఫోక్స్‌వాగన్ షాంఘై వెళ్లి అక్కడివాళ్లతో చేతులు కలిపింది. మీకు సగానికి మించి వాటా ఇవ్వం, మా వాళ్లతో కలిసే కట్టాలి అని చైనా ఎదురుగా చెప్పింది. సంతకం పెట్టి, దశాబ్దాల పాటు లాభాలు ఇంటికి మోసుకుపోయారు. ఏ సంవత్సరంలోనూ ఏ డైరెక్టరూ ఆ డివిడెండ్ అన్యాయమని తిరగ్గొట్టిన దాఖలా లేదు. 2023లో చైనా మార్కెట్లో ఫోక్స్‌వాగన్‌ని దించి బీవైడీ మొదటి స్థానంలో కూర్చున్నాక గానీ న్యాయాన్యాయాల ప్రసక్తి రాలేదు. ఆ ఏడాదే ఫోక్స్‌వాగన్ 70 కోట్ల డాలర్లు పెట్టి చైనా కంపెనీ షావ్‌పెంగ్‌లో వాటా కొని, వాళ్లతో కలిసి కార్లు చేయడానికి ఒప్పుకుంది. స్టెల్లాంటిస్ 150 కోట్ల యూరోలు పట్టుకుని ఇంకో చైనా కంపెనీ లీప్‌మోటర్ గుమ్మం తొక్కింది. ఆడీ చైనాలో ఎస్‌ఏఐసీతో కలిసి చేసిన కారుకు తన నాలుగు రింగుల గుర్తే తీసేసింది. రెనో తన కొత్త ట్వింగోను చైనా ఇంజనీర్ల సాయంతో రెండేళ్ల లోపే తయారుచేశామని గర్వంగా చెప్పుకుంది. ఇన్నాళ్లూ పాఠం చెప్పినవాళ్లే ఇప్పుడు ఫీజు కట్టి అదే బడిలో చేరారు. అడ్మిషన్ దొరికినందుకు సంతోషించాలి.

ఈ గొడవలో నవ్వురాని సంగతులూ ఉన్నాయి. బ్రసెల్స్‌లో ఆడీ ఫ్యాక్టరీ 2025 ఫిబ్రవరిలో మూతపడింది. 2030కల్లా జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వాగన్ యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. ఆ కార్మికులు డీజిల్ సాఫ్ట్‌వేర్ రాయలేదు, సీటు చందా వాళ్ల ఆలోచన కాదు. సుంకం వాళ్ల కోసమే అంటున్నారు గానీ, సుంకం ఖాయమైన రెండు నెలల్లోపే ఆ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి.

చైనా ఊరుకుంటుందా? బదులు తీర్చుకుంది, కార్ల మీద కాదు. ఓటింగ్ జరిగిన నాలుగు రోజులకు యూరప్ బ్రాందీ మీద పడింది. కోన్యాక్ ద్రాక్షతోటల రైతు బ్యాటరీ ముఖం చూసి ఎరగడు, ఫ్రాన్స్ అవునన్న పాపానికి కట్టాల్సి వచ్చింది. పంది మాంసం మీద అంతకుముందే దర్యాప్తు మొదలుపెట్టారు. స్పెయిన్ పందుల వ్యాపారం చాలా పెద్దది. 2024 సెప్టెంబర్‌లో, ఓటింగ్‌కి ముందు, చైనా వెళ్లిన స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్‌కి అక్కడే జ్ఞానోదయమైంది, ఈ సుంకాల గురించి మనం పునరాలోచించాలి అన్నాడు. స్పెయిన్ గోడ మీదికి చేరింది.

మనవాళ్లు దీన్ని చూసి ముసిముసి నవ్వులు నవ్వక్కర్లేదు. హైదరాబాద్ మేఘా వారితో కలిసి 100 కోట్ల డాలర్లతో ఇక్కడ ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ పెడతామని బీవైడీ అడిగితే, 2023లో ఢిల్లీ కుదరదంది. భద్రత ముఖ్యం, సరే. కానీ తిరుమల ఘాట్ రోడ్డులో 2022 నుంచి తిరుగుతున్న ఒలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సులకు సాంకేతిక భాగస్వామి ఎవరనుకున్నారు? అదే బీవైడీ. బస్సెక్కి గోవిందా అనే భక్తుల్లో ఒక్కరూ బ్యాటరీ గోత్రం అడగలేదు, స్వామీ అభ్యంతరం చెప్పలేదు.

మళ్లీ బ్రసెల్స్ సంగతి. అంత దశాంశాలతో తూచి కట్టిన ఆ సుంకంలో ఒక చిన్న సందు మిగిలింది. అది పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్లకే వర్తిస్తుంది. ఇంజినూ ప్లగ్గూ రెండూ ఉన్న హైబ్రిడ్‌కి మామూలు 10 శాతమే. బీవైడీ ఆ పత్రం శ్రద్ధగా చదువుకుని, సీల్ యు అనే హైబ్రిడ్‌ని ఓడలకెక్కించింది. అది 2025లో యూరప్‌లో ఎక్కువగా అమ్ముడైన ప్లగ్ ఇన్ హైబ్రిడ్ల ముందు వరుసలో చేరింది. పొగ లేని చైనా కారుకి జరిమానా, పొగ వదిలే చైనా కారుకి స్వాగతం. ఇంతలో యూరప్ కంపెనీలు ఇంకో మొర పెట్టుకున్నాయి. 2035 తర్వాత కొత్త కార్లేవీ పొగ వదలకూడదన్న చట్టాన్ని సడలించండి, ఇంజిన్లు ఉన్న కార్లు ఇంకొన్నాళ్లు అమ్ముకోనివ్వండి అని. 2025 డిసెంబర్‌లో కమిషన్ కరిగింది. నూటికి నూరు శాతం కాదు, 90 శాతం తగ్గిస్తే చాలు, ప్లగ్ ఇన్ హైబ్రిడ్లకూ చోటిద్దామని ప్రతిపాదించింది. మన పరిశ్రమకు ఊపిరి పోశామని బ్రసెల్స్ సంతోషించింది. హంగరీలోని సెగెడ్‌లో సొంత ఫ్యాక్టరీ కట్టుకుంటున్న బీవైడీ కూడా పెద్దగా ఏమీ బాధపడినట్టు లేదు.