అమ్మ కట్టిన అంబులపొది

మా అమ్మ చేతికి చిక్కిన వస్తువేదీ ఉన్నదున్నట్టు మిగిలేది కాదు. గ్యాస్ సిలిండరుకి కుచ్చుల గౌను, రేడియోకి క్రోషియా ముసుగు, మంచినీళ్ళ బిందె మూతకి చుట్టూ పూసలు, నాన్న సైకిలు సీటుకి వెల్వెట్ తొడుగు, ఆ తొడుగు అంచున వేలాడే ఊలు బంతులు. ఆ బంతుల గురించి మండలాఫీసులో తోటి గుమాస్తాలు ఏమనేవారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. సైకిలు మాత్రం వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గరే ఆపేసి, అక్కణ్నించి ఆఫీసుకి నడిచి వెళ్ళేవారని తరవాతెప్పుడో తెలిసింది. అలాంటి అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నాకు బాణాలు చేసిపెట్టవా?" అని అడిగాను.

అది 1988. ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చే రామాయణం ఆ జులైతో అయిపోయింది గానీ, మా గోదావరి పల్లెలో దాని వేడి దీపావళి దాకా చల్లారలేదు. మాకెవరికీ హిందీ ముక్క రాదు. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి, కాసేపు ఒకదాన్నొకటి చూసుకుని, ఢీకొని నిప్పులు రాల్చడానికి భాషతో పనేముంది? ఊళ్ళో మగపిల్లలందరూ చీపుళ్ళు ఊడబెరికి రాములైపోయారు. మా స్కూల్లో తెలుగు మాస్టారు నరకాసుర వధ నాటకం వేయిస్తానన్నారు. నాకు సత్యభామ వేషం.

పోతనగారి భాగవతంలో సత్యభామ యుద్ధం చూడటానికి వెళ్ళి ఊరికే నిలబడదు. విల్లందుకుని నరకుడి సైన్యాన్ని చెల్లాచెదురు చేస్తుంది. ఆ తరవాతే కృష్ణుడు చక్రం తీసి నరకుణ్ణి చంపుతాడు. మాస్టారు పోతనగారి గీత దాటే మనిషి కాదు. విల్లు స్కూలుది ఉంది, బాణాలు మాత్రం ఇంటినుంచి తెచ్చుకోమన్నారు.

"తణుకు బజార్లో అమ్ముతారటే, రేపు తెస్తాలే" అన్నారు నాన్న, పేపరు దించకుండానే.

"నరకాసురుడి మీదికి వెళ్ళే మనిషి కొనుక్కొచ్చిన బాణాలతో వెళ్తుందిటండీ?" అంది అమ్మ. దాంతో నాన్న పాత్ర అయిపోయింది. ఆయన పేపరు వెనక్కి వెళ్ళిపోయారు.

ముందు కర్ర సంగతి. కొబ్బరీనె పనికిరాదు, మరీ మెత్తన. గట్టి కర్రా పనికిరాదు. నారి వెనకనుంచి తోసినప్పుడు బాణం తిన్నగా పోతుందని అనుకుంటాం గానీ, పోదు. అది ముందు పక్కకి వంగుతుంది, విల్లుని ఒరుసుకోకుండా దాటుతుంది, దాటాక అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంటుంది. బొత్తిగా వంగనిదీ గురి తప్పుతుంది, మరీ వంగేదీ తప్పుతుంది. మా అమ్మ అత్తవారింట్లో నెగ్గుకొచ్చిన పద్ధతీ ఇదేనని అమ్మమ్మ అనేది. చివరికి చిక్కుడుపాదు పందిరికి వేసిన సన్న వెదుళ్ళలో అరడజను అమ్మకి నచ్చాయి. చిక్కుడుపాదు ఆ ఏడు నేలమీదే కాసింది.

వెదురు తిన్నగా కనిపిస్తుంది గానీ కణుపు కణుపుకీ ఒక వంకర ఉంటుంది. అమ్మ కుంపటి ముందు కూర్చుని, వంకర ఉన్న కణుపుని నిప్పుల మీద తిప్పుతూ కాచేది. కాసేపటికి వెదురు చర్మం మీద నూనె రాసినట్టు ఒక మెరుపు తేలేది. అది తేలగానే రెండు చేతుల్తో వంకరకి ఎదురుగా వంచి, తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా అలాగే బిగపట్టేది. ఆ సమయంలో ఎవరూ పలకరించకూడదు. తరవాత ఒక కన్ను మూసి, కర్రని బల్బు వైపు ఎత్తి చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళని కూడా అలాగే చూసేది. కణుపుల దగ్గర పొంగుని చాకుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చెయ్యడం నా వంతు.

అరుగుమీద కూర్చున్న తాతయ్య ఇదంతా చూసి, "సుందరకాండలో సీతమ్మవారు రావణాసురుడికి చెప్పింది కూడా ఇదేనమ్మా. చక్కటి కణుపులున్న బాణాలు, రామలక్ష్మణుల గుర్తులున్న బాణాలు నీ లంకలో వచ్చి పడతాయి జాగ్రత్త అంది" అన్నారు.

అమ్మ చెవికి రెండో సగమే ఎక్కింది. "గుర్తులంటే రంగులే కదండీ మావయ్యగారూ?"

"అంతే అనుకోమ్మా."

తాతయ్య ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

ఈకల దగ్గర దౌత్యం నడపవలసి వచ్చింది. పక్కింటాయన సంక్రాంతి పందేలకి ఒక డేగని పెంచుతున్నారు. డేగ అంటే పక్షి డేగ కాదు, ఎర్ర ఈకల పుంజు. మా వైపు పందెంకోడిని ఈక రంగుని బట్టే పిలుస్తారు: నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ. ఏ రోజు ఏ రంగు కోడి గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం ఒకటి ఉంది. పక్కింటాయన ఇంట్లో పంచాంగానికి లేని గౌరవం ఆ పుస్తకానికి ఉండేది. అలాంటి కోడి రాల్చిన ఈకలు ఏరి, చేతికొచ్చినవి చేతికొచ్చినట్టు మొదటి బాణానికి మూడు అంటించాం. వేస్తే అది గాల్లో మెలికలు తిరిగి తులసికోటలో పడింది.

కారణం ఆయనే చెప్పారు. కుడిరెక్క ఈక ఒకవైపు ఒంపు తిరిగి ఉంటుంది, ఎడమరెక్క ఈక దానికి ఎదురువైపు. మూడూ ఒకే రెక్కవైతే బాణం గాల్లో గుండ్రంగా తిరుగుతూ నిలకడగా పోతుంది. రెండూ కలిపితే ఒకటి ఇటు తిప్పుతుంది, ఒకటి అటు.

"అయితే అన్నయ్యగారూ, అన్నీ ఎడమరెక్కవే ఇప్పించండి" అంది అమ్మ.

"రాలితే ఇస్తాను గానీ పీకనివ్వను చెల్లెమ్మా. ఎడమపక్క ఈకల్లేక రేపు బరిలో కోడి ఒరిగిపోతే డబ్బు నువ్విస్తావా?"

ఆనాటినుంచి నేను స్కూలుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ కోడి చుట్టూ ప్రదక్షిణం చేసేదాన్ని. దాని ఎడమరెక్క కదిలితే నా గుండె కదిలేది. పక్కింటావిడ ఇది చూసి, ఈ పిల్లకి కోడంటే ఎంత ప్రేమో అని కార్తీకమాసమంతా చెప్పుకుంది.

బాణం ముక్కుకి ఇనుము వద్దన్నారు మాస్టారు. నరకాసురుడు మా హెడ్మాస్టరుగారి అబ్బాయి. అందుకని అమ్మ ముక్కుకి బదులు దూది కూరిన గుడ్డమూట కట్టి, దానిమీద వెండికాగితం చుట్టింది. ఆ వెండికాగితం నాన్న సిగరెట్ పెట్టెల్లోది. పొగ మానమని పెళ్ళైనప్పటినుంచీ పోరుతున్న ఆవిడ, ఆ వారం రోజూ సాయంత్రం గుమ్మంలోనే చెయ్యి చాపి, "ఇవాళ ఒక్క పెట్టేనా?" అని నిరాశపడేది. నాన్నకి జీవితంలో అంత మంచికాలం మళ్ళీ రాలేదు. కాకపోతే కాగితాలు లెక్కపెడుతుంటే ఆయన ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చిన లెక్క తేలిపోయింది. దీపావళి అయిన మర్నాడు మా ఇంట్లో ఇంకో యుద్ధం జరిగింది. దానికి ప్రేక్షకులు లేరు.

ఇక రంగులు. కర్ర చుట్టూ చేత్తో గీత గీస్తే మొదలుపెట్టిన చోటికి చేరదు, మెట్టు పడుతుంది. అమ్మ కాసేపు ఆలోచించి, కుట్టుమిషను మీద బాబిన్‌కి దారం చుట్టే మర ఉంటుందే, దానికి బాణం కొసని దూర్చి కట్టింది. రెండో కొస నేను గాజు సీసా నోట్లో పెట్టి పట్టుకోవాలి. అమ్మ కాలు తొక్కుతుంటే బాణం గిర్రున తిరిగేది. చేతిలో కుంచె మాత్రం ఊపిరి బిగబట్టి ఒక్కచోటే నిలిపేది. వెంట్రుక మందం నుంచి వేలి మందం దాకా గీతలు, ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలకి రంగు వేసేదీ ఈ సూత్రం మీదే. అంకుడుకర్ర తిరుగుతుంటే లక్క కణికని దానికి ఒత్తి పడతారు, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అమ్మ ఏటికొప్పాక ఎప్పుడూ వెళ్ళలేదు. లక్కకి బదులు గోళ్ళరంగు వాడింది. నాలుగో బాణానికి ఎరుపు అయిపోతే పక్కింటావిడ సీసా కూడా ఖాళీ అయింది. ఆ ఇంటికి అప్పటికే కోడి ఈకల బాకీ ఉన్నాం.

ఇక్కడ ఆగితే బాగుండేది. అమ్మ ఆగలేదు. నారి పట్టే గాడి దగ్గర కర్ర చీలకుండా దారం చుట్టాలి, అది న్యాయమే. ఆ దారం జరీదారమైంది. జరీకి కొసన కుచ్చు వచ్చింది. కుచ్చుకి పూసలొచ్చాయి. పూసల మధ్య మూడు అద్దాలు కూడా వచ్చాయి.

నాన్న పేపరు దించి చూసి, "ఇది ఎగిరేదా, ఊరేగేదా?" అన్నారు.

నిజానికి ఆయనన్న దాంట్లో శాస్త్రం ఉంది. బాణాన్ని వేలిమీద నిలబెడితే తూగే చోటు సరిగ్గా నడిమికి కాక, కాస్త ముక్కు వైపుకి ఉండాలి. బరువు ముందుండి దారి చూపాలి, ఈకలు వెనకుండి సరిదిద్దాలి. తోక బరువెక్కితే బాణం గాల్లో తలకిందులవుతుంది. మాదీ అంతే అయింది, బయల్దేరినప్పుడు ముక్కు ముందు, దిగినప్పుడు అద్దాలు ముందు. ఇంకెవరైనా అద్దాలు తీసేసేవారు. అమ్మ ముక్కు మూటలో దూది తీసేసి ఇసుక నింపింది. తూకం కుదిరింది. బాణం దూరం పోవడం తగ్గింది గానీ పోయినంత మేరా దర్జాగా పోయేది.

అయితే వెయ్యనిస్తేగా! పెరట్లో నేను విల్లు ఎత్తగానే వంటింట్లోంచి కేక. "వెయ్యకే! అద్దాలు ఊడతాయి. ఊరికే ఎక్కుపెట్టు." నా సాధనంతా ఎక్కుపెట్టడమే. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో ఉండి ఉండరు.

నాటకం రోజు రాత్రి స్కూలు ఆవరణలో ట్యూబులైట్ల కింద నేను మొదటి బాణం వదిలాను. ఇద్దరు ఆరోతరగతి రాక్షసులు పద్ధతి ప్రకారం పడిపోయారు. రెండో బాణం నారిమీద పెడుతున్నాను. ఆడవాళ్ళ చాపమీదనుంచి అమ్మ లేచింది. పక్కమెట్ల మీదుగా వేదిక ఎక్కి, తిన్నగా యుద్ధం మధ్యలోకి వచ్చింది. మొదటి బాణం ఒక చచ్చిన రాక్షసుడి వీపు కింద ఉంది. "బాబూ, కాస్త పక్కకి జరుగు నాన్నా" అంది. చచ్చినవాడు జరిగాడు. అమ్మ బాణం తీసి, కొంగుతో దుమ్ము దులిపి, ఈకలమీద ఉఫ్ అని ఊది, కుచ్చు చిక్కు తీసి, నా అంబులపొదిలో పెట్టింది. నరకాసురుడు అంతసేపూ గద ఎత్తినవాడు ఎత్తినట్టే, పెద్దావిడ వెళ్ళేదాకా మర్యాదగా ఆగాడు.

జనం గొల్లుమనాల్సింది. కానీ నరకుడి తల్లి భూదేవి. నరకుడు చనిపోయాక ఆవిడ వచ్చి కృష్ణుణ్ణి స్తుతించడం భాగవతంలో ఉంది. మా మాస్టారు మైకు దగ్గరే ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "భూదేవి ప్రవేశం" అన్నారు. పోతనగారి గీత ఆయన దాటడం నేను చూసింది అదొక్కసారే, అదీ ఒక్క ఘట్టం ముందుకి. ముందు వరసలో ముసలమ్మలు చేతులు జోడించారు. అమ్మకి ఇదేమీ పట్టలేదు. నేను వేసిన ప్రతి బాణానికీ వచ్చింది, ఏరింది, దులిపింది, వెళ్ళింది. చివరికి కృష్ణుడు విసిరిన అట్టచక్రం జనంలోకి పోయి ఎవరి కాళ్ళకిందో నలిగిపోయింది. దాన్ని తేవడానికి మాత్రం ఆవిడ లేవలేదు. అది మేం చేసింది కాదు.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచినప్పుడు అమ్మ, నేను కలిసే టీవీ చూశాం. వ్యక్తిగత ఫైనల్లో 50 మీటర్ల దూరానికి 15 బాణాలు, 150కి 149 మార్కులు. అమ్మ మార్కులు చూడలేదు. "ఆ బాణాలకి ఈకలేవే?" అంది. ఇప్పటివి కార్బన్ గొట్టాలనీ, ఈకలకి బదులు ప్లాస్టిక్ రెక్కలనీ చెప్పాను. "ప్లాస్టిక్కా!" అని కాసేపు ఆ పిల్ల మీద జాలిపడింది. మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీలు ఇప్పటికీ వెదురు విల్లుతోనే జరుగుతాయంటే కొంచెం తేరుకుంది.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒకరి బాణాలన్నీ ఒకేలా ఉండాలనీ, ఈకల రంగూ గీతల రంగూ అన్నిటికీ ఒకటే కావాలనీ, కర్రమీద ఆటగాళ్ళ పేరో పొడి అక్షరాలో ఉండాలనీ చెప్పినప్పుడు నావైపు తిరిగి చూసింది. అర్హత పోటీల్లో ప్రతి విడతకీ విలుకాళ్ళే నడిచి వెళ్ళి తమ బాణాలు తామే పీక్కుని తెచ్చుకుంటారని చెప్పి పొరపాటు చేశానేమో, "మరి ఆ రోజు ఎందుకే అంత సిగ్గుపడ్డావు?" అని ఇప్పటికీ అడుగుతోంది.

ఆ ఆరు బాణాలూ అమ్మ ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. ఒక అద్దం కూడా ఊడలేదు. పోయినేడు మా అబ్బాయి అడిగితే బీరువా తలుపు తీసి, చూపించి, మళ్ళీ వేసేసింది. మీరెప్పుడైనా మా వైపు వస్తే తప్పకుండా ఇంటికి రండి, కాఫీ ఇస్తుంది, బాణాల కథ అంతా చెబుతుంది. ముట్టుకుంటానని మాత్రం అడక్కండి.