లాక్టిక్ యాసిడ్‌కు బెయిలివ్వండి

హైదరాబాద్‌లో నల్లగండ్ల చెరువు దగ్గర ఆదివారం లాంగ్ రన్ ముగిసిందంటే చాలు, ముద్దాయి సిద్ధం: లాక్టిక్ యాసిడ్. తొడలు పట్టేసినా అదే, మర్నాడు ఆఫీసు మెట్లు దిగలేకపోయినా అదే. శిక్ష అమలుకు ఐటీ కారిడార్లో కొరతేమీ లేదు: గాలితో కాళ్లు నొక్కే బూట్లు, ఐస్ టబ్బులు, మసాజ్ గన్నులు, ‘ఫ్లష్’ పేరుతో ప్యాకేజీలు. పేరుకున్న యాసిడ్‌ను కడిగి పారేస్తారట. వారమంతా లాగ్ చూడనిదే బగ్ ఎక్కడుందో ఒప్పుకోని ఇంజినీర్లు, తమ పిక్కల దగ్గరికొచ్చేసరికి విచారణ లేకుండానే టికెట్ మూసేస్తారు.

ఆ లాగ్ మనమే చూద్దాం. పరుగు ఆగాక గంటా గంటన్నరలో రక్తంలోని లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పులు ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత. ఆదివారం టిఫిన్ వేళకే ఊరు దాటినవాడి మీద మంగళవారం దొంగతనం కేసు! పైగా లాక్టేట్ బాగా పెరిగేది 400, 800 మీటర్ల పరుగుల్లో. నాలుగైదు గంటలు సాగే మారథాన్‌లో అది అంతంతమాత్రమే. మెకార్డల్ జబ్బున్నవాళ్ల కండరాలు తమలోని చక్కెర నిల్వైన గ్లైకోజెన్‌ను విడగొట్టలేవు, కాబట్టి శ్రమపడినా లాక్టేట్ పెరగదు. అలుపుకూ లాక్టిక్ యాసిడే కారణమన్న ప్రచారం నిజమైతే వాళ్లు అలుపెరగని వీరులు కావాలి. జరిగేది తలకిందులు: కొద్దిపాటి శ్రమకే వాళ్లు అలిసిపోతారు, కండరాలు పట్టేస్తాయి. మన నొప్పులకు అసలు దోషి ఎక్కువగా దిగుడు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినవాళ్లు ఫ్లైఓవర్లు ఎక్కడాన్ని గొప్పగా చెప్పుకుంటారు. దెబ్బ తగిలేది దిగేటప్పుడు. అడుగడుగునా తొడ కండరం బరువు మోస్తూనే సాగాల్సి వస్తుంది. కండర పోగుల్లో కంటికి కనిపించని చిరుగులు పడతాయి, వాపు వస్తుంది. చిరుగును కడిగి పారేయడం ఎలాగో ప్యాకేజీ అమ్మేవాళ్లే చెప్పాలి.

నిజానికి ఈ కేసు బలం కోల్పోయి దాదాపు వందేళ్లవుతోంది, అందులో తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాలు అలిసేకొద్దీ లాక్టిక్ యాసిడ్ చేరుతుందని చూపించారు. అలుపుతో ఆగకుండా, కండరం ముడుచుకోవడానికే ఆ యాసిడ్ మూలమనే దాకా సిద్ధాంతం పెరిగింది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులూ అదే ఏడు అక్కడికే చేరారు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ యాసిడ్ తయారీని విషంతో ఆపేసినా కండరం ముడుచుకుంటోందని చూశాడు. ఖర్చవుతున్నది సుబ్బారావు వాళ్లు పట్టుకున్న పదార్థమే. తర్వాత కాలంలో బర్క్‌లీలో జార్జ్ బ్రూక్స్, లాక్టేట్ చెత్త కాదనీ గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయనీ చూపించాడు. తీవ్రమైన శ్రమలో వచ్చే అలుపుకు ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా అనుమానిస్తున్నవాటిలో ఫాస్ఫోక్రియాటిన్ విడిపోగా మిగిలే ఫాస్ఫేట్ ఒకటి. ఫాస్ఫేట్‌ను కొలిచే పేరున్న పద్ధతి ఫిస్క్-సుబ్బారావులదే. ఆయన పేరు మనకు క్విజ్ పోటీలకు పనికొచ్చింది, పిక్కల దాకా మాత్రం రాలేదు.

‘మసాజ్ తర్వాత హాయిగా ఉంటోంది కదా’ అంటారు. ఉంటుంది. నొప్పి కొంత తగ్గినట్టు అనిపించడం పరిశోధనల్లోనూ కనిపించింది. హాయికి డబ్బిస్తే తగువు లేదు. తగువల్లా కడిగేస్తామన్న మాటతోనే. 2010లో కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్లు ముంజేతి వ్యాయామం తర్వాత మసాజ్ చేసి కొలిచారు. ఆ ఒత్తిడికి రక్తప్రవాహం తగ్గి, లాక్టేట్ బయటికెళ్లడం ఇంకా మందగించింది! ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది: కోచ్‌లు లాక్టేట్ త్రెషోల్డ్ ఎందుకు కొలుస్తారు? ఏ వేగం దగ్గర దాని తయారీ వాడకాన్ని మించిపోతుందో తెలుస్తుంది కాబట్టి. ఆ కొలత పనికొచ్చేదే. సాక్షిగా పిలవాల్సినదాన్ని బోనెక్కించడమే పొరపాటు.

ముప్పయ్యో కిలోమీటరు దాటాక వేగం నిలబెట్టే సరంజామా వేరు. కండరంలో మైటోకాండ్రియా పెరగాలి, సన్నటి రక్తనాళాలు పెరగాలి, కొవ్వును ఎక్కువగా వాడుకుని గ్లైకోజెన్‌ను పొదుపు చేయడం ఒంటికి అలవాటు కావాలి. వీటికి పునాది నెలల తరబడి సాగే నింపాది పరుగు. దిగుడు సంగతి ఇంకా సులువు: ఒకసారి మోతాదుగా దిగుడు పరుగు సాధన చేస్తే, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి నొప్పి బాగా తగ్గుతుంది. ఇందులో దేనికీ మెంబర్‌షిప్ అక్కర్లేదు, అందుకే ఏ బోర్డు మీదా కనిపించదు.

అయినా ఫ్లష్ చేయించుకోవాలనే ఉంటే ఒక్క షరతు పెట్టండి. బూట్లు తొడిగే ముందు వేలి నుంచి ఒక చుక్క, విప్పాక ఇంకో చుక్క తీసి లాక్టేట్ మీటర్‌లో చూపించమనండి. పరుగు ఆదివారం, అపాయింట్‌మెంట్ మంగళవారం అయితే రెండు అంకెలకూ పెద్ద తేడా ఉండదు. అప్పుడు బిల్లులో కడిగిన సరుకు ఎంతని రాస్తారో అడగండి.