డయల్‌కు తాళం వేసిన రోజులు

మా రోజుల్లో ఇంట్లో ఫోన్ ఉందంటే దానికి తాళం కూడా ఉన్నట్టే. నల్లటి డయల్ ఫోన్, ఒకటో అంకె రంధ్రంలో బిగించే బొటనవేలంత ఇత్తడి తాళం. అది పడితే డయల్ తిరగదు. చెవి మా నాయన మొలతాడుకు ఉండేది.

ఆ తాళానికీ విరుగుడు ఉంది. రిసీవర్ ఆనించే మీటను అంకెకు తగ్గట్టు టకటకా నొక్కితే డయల్ తిప్పకుండానే నంబరు కలుస్తుంది. సున్నాకు పదిసార్లు నొక్కాలి. ఎస్టీడీ సున్నాతోనే మొదలు కదా, ఆ కిటుకు తెలిసిన పోరగాళ్లు వాడకు ఇద్దరైనా ఉండేవాళ్లు. రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో మీటరు లెక్కే తప్ప ఎవరు ఎవరికి చేశారో ఉండదు. అందుకే మా నాయన చెక్క డబ్బా చేయించి, ఫోన్‌ను అందులో పెట్టి, దానికి ఇంకో తాళం వేశాడు. బయటి తాళం ఒకటి, లోపలి తాళం ఒకటి.

మొన్న బషీరాబాద్‌లో మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టించాం. వచ్చిన అబ్బాయి వీధి కిటికీలోంచి తీగ లాగి, ఆ పక్కనే రౌటర్ తగిలించి, మా ఫోన్ నంబరునే పాస్‌వర్డ్ చేసి, 'గుర్తుంటది తాతా' అని పావుగంటలో వెళ్లిపోయాడు. మాది తాండూరు బండతో కట్టిన ఇల్లు, మూరెడు మందం గోడలు. వైఫై ఆ గోడలు దాటలేక, మనవరాలు చదువుకునే వెనక గదికి చేరదు. కిటికీ అవతల అరుగు మీద మాత్రం నిండుగా వస్తుంది. ఊళ్లో మా నంబరు తెలియనిది ఎవరికి? మూడో రోజుకే సాయంత్రమైతే అరుగు నిండా పిల్లలు, చేతుల్లో ఫోన్లు.

పిల్లలు పాటలు చూసుకుంటే నాకు బాధ లేదు. నా భయం వేరు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరిగాయి. వాటికి కొన్ని నిమిషాల ముందు బెదిరింపు మెయిల్ వెళ్లింది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి. ఆయనకు ఏ పాపమూ తెలియదు, కనెక్షన్‌కు రక్షణ లేదు, అంతే. పోలీసులు ముందుగా తట్టింది ఆయన తలుపే. మన తీగ మీద ఎవడు ఏం చేసినా మొదట కనబడేది మన ఇల్లే.

లోపలి తాళం సంగతి ఇంకా ఘోరం. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపుకు తాళం లాంటిది. రౌటర్ సెట్టింగులు తెరవడానికి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. మా దాంట్లో కంపెనీ నుంచి వచ్చిన 'అడ్మిన్' అనే మాటే అలాగే ఉంది. అది తెలిసినవాడు సెట్టింగులు మార్చి, మనం బ్యాంకు పేరు కొడితే దొంగ పేజీకి తోలవచ్చు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇలా మార్చని పాస్‌వర్డ్‌లనే వాడుకుని లక్షల కెమెరాలనూ రౌటర్లనూ లోబరుచుకుంది. ఆ అక్టోబరులో దాని దెబ్బకు అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు.

మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే మార్పించాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మొదలు. తర్వాత వైఫైకి ఊళ్లో ఎవరూ ఊహించలేని నాలుగు మాటల పాస్‌వర్డ్. రక్షణ డబ్ల్యూపీఏ2కి పెట్టింది, కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మేలట. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేసింది. రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసింది. పెట్టెను కిటికీ దగ్గర నుంచి తీయించి నడిమింట్లో దూలం కింద, వెనక గది తలుపుకు ఎదురుగా పెట్టించాం.

అరుగు మీది పిల్లల కోసం గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టమన్నాను. దానికి వేరే పాస్‌వర్డ్, మా ఫోన్లూ కంప్యూటరూ దానికి కనబడవు. కావాలన్న పిల్లవాడు లోపలికి వచ్చి, పేరు చెప్పి అడుగుతాడు. నెలకోసారి మారుస్తాం.

ఇదంతా అయ్యేసరికి అరగంట పట్టింది. తీగ లాగిన అబ్బాయి ఆ అరగంట కూర్చుని చేసి చూపించాలని నా పట్టు. మా రోజుల్లో తాళం అమ్మినవాడు చెవులు రెండూ చేతిలో పెట్టి, తిప్పి చూపించి మరీ డబ్బులు తీసుకునేవాడు.